ఖాళీ బిళ్ళ

మిల్లు ఆఫీసర్ల క్లబ్బు ఎత్తేసిన రోజు
పాత ఇనుము కొట్లో, కిలోల లెక్కన,
ఒక ఆట పెట్టె దొరికింది నాకు.
ఇంగ్లీషు అక్షరాల చెక్క బిళ్ళలు,
వందకి ఆరు తక్కువ.
లేనివాటిని విరిగిన బాబిన్ కోసి
నేనే చేశాను, బ్లేడుతో గీశాను.
ఒక ఈ వంకర. వీ నిండా పేళ్ళు.

నెల్లిమర్లలో సైరన్ కూయక ఇది మూడో నెల.
సైరన్ లేకపోతే
ఎసరు ఎప్పుడు పెట్టాలో మా ఆవిడకి తెలీదు.

సాయంత్రమైతే తనూజ చాప పరుస్తుంది.
విజయనగరంలో పోటీ ఉందట, బళ్ళన్నిటికీ.
అట్ట పోయిన మా డిక్షనరీ
'అడ్వాన్స్' దగ్గర మొదలవుతుంది.
అంతకు ముందు మాటలు మా ఇంట్లో లేవు.

"క్యూ ఉండాల నాన్నా, యూ ఉండకూడదు.
అలాటి మాట ఒకటి సెప్పు."
ఎనిమిది తప్పినవాణ్ణి, ఏం చెప్పను?
క్యూ అంటే నాకు
డిపో ముందు సంచీ పట్టుకు నిలబడటం.
కు కింద కొమ్ములా
యూ దాన్ని కరుచుకునే ఉంటుంది కాబోలు.

విలువలు నేర్పింది.
ఈ కి ఒకటి, ఏ కి ఒకటి,
జెడ్ కి పది, క్యూ కి పది.
అందరికీ పనికొచ్చేదానికి ఒకటి,
ఎవరికీ పట్టుబడనిదానికి పది.
చాటెడు తవుడుకి నన్ను అమ్మి, కొని,
తవిటయ్య అని పేరు పెట్టారు మావాళ్ళు.
ధరల సంగతి నాకు కొత్త కాదు.

కానీ ఆ సంచీలో
ఏ అక్షరమూ లేని బిళ్ళలు రెండున్నాయి.
"ఇదేటే, అరిగిపోనాదా?"
"కాదు, అది ఖాళీది.
ఏ అచ్చరం బదులైనా కూకుంటాది.
పాయింట్లు సున్నా."
నవ్వాను. చాలాసేపు నవ్వుతూనే ఉన్నాను.
పదకొండేళ్ళు బద్లీగా చేశాను నేను.
స్పిన్నింగులో సింహాచలం రాకపోతే సింహాచలాన్ని,
బేచింగులో పోలయ్య రాకపోతే పోలయ్యని,
మస్టర్లో మాత్రం ఎవణ్ణీ కాను.
బొటనవేలితో ఆ బిళ్ళని తడిమాను.
రెండు పక్కలా ఒకేలా నున్నగా ఉంది.

మొన్న మంగళవారం రాత్రి
నా ముందు బద్దమీద ఏడు:
టీ, ఓ, ఎల్, యూ, సీ, మళ్ళీ ఓ, ఒక ఖాళీది.
తనూజ నిలువుగా 'టెన్' అని పేర్చి
నీ వంతు అన్నట్టు చూసింది.
నాకొచ్చిన ఇంగ్లీషంతా మిల్లు ఇంగ్లీషే.
షిఫ్టు, మెమో, లేఆఫ్, గ్రాట్యుటీ.
ఇంకొకటి,
గేటుకి అంటించిన కాయితం నెత్తిన,
వానకి సిరా కారినా చెరగని మాట,
నా కళ్ళకి కంఠతా వచ్చు.

ఒక్కొక్కటే పెట్టాను.
ఎల్. ఓ. సీ.
కే లేదు. ఖాళీ బిళ్ళని కూచోబెట్టాను.
ఓ. యూ.
చివరి టీ వెళ్ళి 'టెన్' కాళ్ళ కింద ఆనింది.
లాకౌట్.
'టెన్' కాస్తా 'టెంట్' అయింది,
గేటు ముందు మేం వంతులేసుకుని
పస్తులు కూచునే టెంట్.

తనూజ కాసేపు మాటాడలేదు.
గళ్ళ రంగులు ఎప్పుడో వెలిసిపోయాయి,
వాటిని మేం లెక్కలోకి తీసుకోం.
ఎనిమిది, నాలుగు అని వేళ్ళు మడిచి,
ఒక్కసారి గెంతింది.
"ఏడూ దించీసినావు నాన్నా! యాభై బోనస్!"

వంటింట్లోంచి మా ఆవిడ
గరిటెతో గుమ్మం దాకా వచ్చేసింది.
"ఇచ్చీసినారేటి?"

ఎవరం ఏమీ అనలేదు.
అన్నం మాడిన వాసన.

ఆట నేనే గెలిచాను.
తనూజ చేతిలో క్యూ మిగిలిపోయింది.
మిగిలినదాని విలువ
మిగిల్చుకున్నవాళ్ళ లెక్కలోంచి కోస్తారట.
ఈ రూలు రాసినవాడు ఏ మిల్లులో చేశాడో.
పడుకునే ముందు అంది పిల్ల:
"ఆ మాట లోపట ఇంకా మాటలున్నాయి నాన్నా,
ఎతుకు."

ఇప్పుడు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి వెతుకుతున్నాను.
టూల్ ఉంది.
కుక్ ఉంది.
కట్ ఉంది, అది తెలిసిందే.
నిన్న లక్ కనబడింది, మధ్యలో నక్కి.
"రోజూ అదే కాయితం ఏటి సదువుతావు తవిటయ్యా?"
అంటాడు లోపలినుంచి వాచ్‌మేన్ దాలినాయుడు.
"సదవడం కాదురా, పరిగె ఏరుతన్నాను."
వాడికి అర్థం కాలేదు.
ఊచల్లోంచి ఒక బీడీ ఇచ్చాడు.

యూ లేని క్యూ మాత్రం
ఇంకా దొరకలేదు.