లోపల వదిలిన గుడ్డ

ఫర్వానియాలో రొట్టెలంగడి పక్క సందులో మా షాపు.
తెరకు అవతల కత్తెరతో మస్తానయ్య,
ఇవతల టేపుతో నేను.
ఆడోళ్ల కొలత మగోడు తీయగూడదని
ఈ పని నాకొచ్చింది.
నేను అంకెలు అరుస్తా, ఆయన రాసుకుంటాడు.
"ఛాతీ నలభై రెండు. నడుము నలభై. సంక పద్దెనిమిది."
అంకెకు ముందూ వెనకా ఏమీ తగిలించను.

తగిలించుకొని వచ్చేది వాళ్లే.
టేపు ఇంకా భుజమ్మీద పడకముందే
ఒక్కొక్కరూ ఒక మాట ముందుకు తోస్తారు,
అప్పు తీర్చలేనోళ్లు గడపలోనే చెప్పుకున్నట్టు.
అరబ్బీ నాకు అట్ల వచ్చిందే.
సలాం తర్వాత నేర్చిన రెండో మాట మతీనా.
ఒక పెద్దామె తన పొట్టమీద తానే చరుచుకొని
"అనా మతీనా" అనింది.
మా రాయచోటి బడిలో లెక్కల సారు పేరు మతీన్,
గట్టి మనిషి అని అర్థమంట, ఆయనే చెప్పినాడు.
ఈయమ్మ తాను గట్టిదాన్నని చెప్పుకుందనే
ఆ పొద్దంతా అనుకున్నా.
ఈడ దానర్థం లావని
మస్తానయ్య నవ్వి చెప్పేదాకా.
నాకిప్పటికీ నా అర్థమే నచ్చుతాది.

జయీఫ్ అంటే మా ఇంట్లో
మంచం దిగలేని జేజి.
ఈడ పెండ్లికూతురు అద్దం ముందర తిరిగి
"జయీఫా అయినానా?" అని మురుస్తాది.
సముద్రం దాటితే మాటలక్కూడా
ఒళ్లు తగ్గుతాదేమో.

మనోళ్లు వస్తే అరబ్బీతో పనిలేదు.
బండ, పీనుగ, దూలం, ఎండుచేప,
నల్లదాన్ని గదక్కా, ఏ రంగైతే ఏముందిలే.
కొన్ని మేడమ్‌లు పెట్టినవి, కొన్ని మొగుళ్లు.
కొన్ని ఏ పెండ్లిలోనో ఒక మేనత్త
నవ్వుతా అని, ఆ పూటే మర్చిపోయినవి.
విన్న పిల్ల మాత్రం
నలభై ఏళ్లుగా మోస్తానే ఉంది, విమానంలో కూడా.
ఆ సామానుకు తూకం లేదు.

నా టేపు ఒకవైపు అంగుళాలు,
ఇంకోవైపు సెంటీమీటర్లు.
రెండువైపులా వెతికినా,
పీల అనే గీత యాడా లేదు.

పోయిన శుక్రవారం చిట్వేలి సుంకులమ్మ వచ్చింది,
చిలకపచ్చ రవికె గుడ్డ తీసుకొని.
పాత పుస్తకంలో ఆమె పేరు ముందర ముప్పై ఎనిమిది.
టేపు చుట్టినా. ముప్పై మూడు.
మళ్లీ చుట్టినా.
"ఎంత?" అంటాడు తెరవతల మస్తానయ్య.
నా గొంతు లేవలా.

"నాలుగంతస్తులక్కా," అనింది సుంకులమ్మ.
"మెట్లే నన్ను తినింది.
హిల్వా అయినావని మేడమ్ బో మెచ్చుకుంటాది."
హిల్వా అంటే తీపి. అందం కూడా.
ఆ మాట చెప్పేటప్పుడు
జారే గాజుల్ని మోచేతిదాకా తోసుకుంది.

"వచ్చే నెల ఊరికి పోతాండా.
పాత కొలతకే కుట్టు."
"వదులైపోతాది గదమ్మా."
"కానీలే.
మా పిల్లోడు నన్ను వాటేసుకుంటే
వాని చేతులు ఈపు ఎనకాల అందేవి గావు.
అందలేదని ఏడ్చేవాడు.
ఇప్పుడు అందితే
ఇంకెవరో అనుకుంటాడు."

ఆ పిల్లోడు కూడా
ఈ రెండేళ్లూ పెరిగుంటాడని
నేనామెకు చెప్పలా.

"ముప్పై మూడు!" అని అరిచినా చివరికి.
తర్వాత తెర కిందినించి చెయ్యి చాపి
కత్తిరించిన ముక్కలు నేనే అడిగి తీసుకున్నా.
పక్కల్లో గుడ్డ వదలమని చెప్పింటి,
రవ్వంత కూడా కోయలేదు మస్తానయ్య.
ముప్పై మూడుకు ఒక వరస కుట్టు,
ముప్పై ఐదుకు ఒకటి,
అంచుకానుకొని ముప్పై ఎనిమిదికి ఇంకొకటి.
బయటికి కనిపించేది ఒకటే రవికె.

పొట్లం చేతికిస్తా చెప్పినా:
"ఇంట్లో తిండి ఒంటబట్టినాక
మొదట లోపలి వరస విప్పు.
బ్లేడు పెట్టొద్దు, గుడ్డ తెగుతాది.
సూదితో, ఒక్కొక్క కుట్టూ."