నలభై ఒకటో మెట్టు

వల్పరాయిసోలో వీధులు సాగవు, ఎక్కుతాయి.
మా కొండకి నూట అరవై మూడు మెట్లు.
లెక్క నాది.
మునిసిపాలిటీ వాళ్ళనడిగితే నూట అరవై అంటారు.
వాళ్ళెప్పుడూ భుజాన బరువుతో ఎక్కలేదు.

ఇరవై ఆరేళ్ళు గ్యాస్ బండలు మోశాను.
పదిహేను కిలోల గ్యాసు, ఇనుము బరువు వేరే.
పానాతో బండ మీద టంగు టంగుమని కొడితే
కొండంతా కిటికీలు తెరుచుకునేవి.
నా పేరు ఎలెయుతేరియో అని ఎందరికి తెలుసో గానీ
ఆ చప్పుడు నాదని కుక్కలక్కూడా తెలుసు.

మార్చిలో ఒక మంగళవారం
తొంభయ్యో మెట్టు మీద
గుండే ఒక బండై కూర్చుంది.
భుజం మీది బండ దొర్లింది. నేనూ దొర్లాను.
బండకి ఏం కాలేదు.

ఆసుపత్రి కిటికీలోంచి సముద్రం.
అంత చదునైనది ఒకటి
మా ఊళ్ళో ఉందని అప్పుడే గమనించాను.

వ్యాయామం నేర్పే పిల్ల, నిడియా, చేతులు చల్లన,
"ఆరుబయట నడవండి, రోజూ. బరువులు మాత్రం వద్దు" అంది.
మరి చేతులేం చెయ్యాలి అన్నాను.
కాసేపు ఆలోచించి
తన భోజనం డబ్బాలోంచి నిమ్మకాయ తీసిచ్చింది.

మొదటి రోజు పన్నెండు మెట్లు.
రొట్టెల కోసం దిగుతున్న ఆడవాళ్ళు
నన్ను చూసి ఆగి, నా కోసం ఆగినట్టు కాకుండా
సంచుల్లో తాళంచెవులు వెతుక్కున్నారు.
జాలికీ మర్యాదలుంటాయి.

మే నెలకి ముప్ఫై.
జూన్ మొదట్లో నలభై ఒకటి:
అక్కడో చిన్న అరుగు, నీలం గోడ, ఊగే ఇనుప కమ్మీ.
ఆ రాత్రి నాకు నేనే వైన్ పోసుకున్నాను, అర గ్లాసు.

తర్వాత వానలు.
నాచు పట్టిన మెట్టు మీద చీలమండ మెలిపడి
అయిదు వారాలు మంచం.
మళ్ళీ పన్నెండు నుంచి మొదలుపెట్టాను.
కాదు, అబద్ధమెందుకు, ఏడు.

ఏడో మెట్టు మీద కూర్చుని తిట్టాను
కొండని, వానని, నిడియాని,
నా ఒంట్లో దాక్కున్న ఆ ముసలాణ్ణి.
నిమ్మకాయ విసిరేశాను.
అది టప్ టప్మని ప్రతి మెట్టూ లెక్కపెడుతూ దిగింది.
ఎవరిదో కాని గోధుమరంగు కుక్క
దాన్ని నోట కరుచుకొచ్చి,
మొహం వికారంగా పెట్టి
నా చెప్పు పక్కన వదిలింది.

ఇంక ఏం చేస్తాను. తడి నిమ్మకాయ తుడుచుకుని
ఎనిమిది.

సెప్టెంబర్. మిద్దెల మీద పిల్లలు, పైన గాలిపటాలు.
నలభై ఒకటికి చేరేసరికి
అరుగు మీద ముందే ఒకడు కూలబడి ఉన్నాడు.
పక్కన బండ. చేతిలో పానా,
పిడికి నేను చుట్టిన నల్లటేపు.
యెర్కో అట. ఈ దారిలో మూడో రోజట.
"ఇంకెన్ని?" అన్నాడు, ఊపిరి మధ్యలో.
నూట ఇరవై రెండు అన్నాను.
వాడి మొహం చూసి
మునిసిపాలిటీ లెక్క చెబితే పోయేదనిపించింది.

"కాలు ఎత్తేటప్పుడు గాలి వదిలెయ్. ఆగి పీల్చుకో.
సిగ్గుపడకుండా ఆగు."
ఇరవై ఆరేళ్ళ అనుభవంలా చెప్పాను.
అన్నీ నిడియా మాటలే.
నిజానికి ఆ ఇరవై ఆరేళ్ళలో
ఈ అరుగు మీద నేనొక్కసారీ కూర్చోలేదు.

కూర్చుంటే రేవు మొత్తం కనిపిస్తుంది.
క్రేన్లు, చేపల పడవలు,
పడవల మీద చోటు కోసం కొట్లాడుకునే పెలికన్లు.

వాడు వెళ్ళాడు. పైనెక్కడో టంగు టంగు.
ఏదో కిటికీ తెరుచుకుంది.
ఆ చప్పుడికి నా భుజం తనంతట తనే సర్దుకుంది.

ఇవాళ్టికి చాలనుకుని తిరిగానా,
కుక్క పైకి వెళ్తోంది.
నలభై రెండు.
నలభై మూడో మెట్టుకి ఎడమ అంచు విరిగి ఉంది.
ఇన్నేళ్ళూ ఆ సంగతి నా కాలికి తెలుసు.
నాకు తెలీదు.