తిమ్మిరి టేకు

సీబ్ చేపల బజారులో
ఫజర్ నమాజు అయిన పావుగంటకి
ఖల్ఫాన్ నా బకెట్టు దించుతాడు.
"రఆద్, డాక్టరా, రెండు. జాగ్రత్త."
అతని భాషలో దాని పేరులో ఉరుముంది.
మా బందరు రేవులో తిమ్మిరి టేకు.
ఎవరూ తినరు. వలలో పడితే
తిట్టి మళ్లీ నీళ్లలోకి విసిరేస్తారు.
రియాలిచ్చి కొనుక్కునే పిచ్చిదాన్ని నేనొక్కదాన్నే.

చపాతీ పిండిలా మెత్తగా, ఇసుక రంగులో,
అక్కడక్కడ కాఫీ మరకలు.
రెక్కల మొదట్లో దొంతర్లుగా పేర్చిన పలకలు,
ప్రతి పలక మీదా కోట్ల తాళాలు.
మన కండలో వెతికి పట్టుకోవాల్సింది
దీని ఒంట్లో తిరనాళ్లలా కిక్కిరిసి ఉంటుంది.
పదకొండేళ్లుగా అందుకే దీని వెంట పడ్డాను.

తాళం అన్నానా?
పిల్లలకి పాఠంలో అలాగే చెప్తాను గానీ, తాళం కాదు.
ఐదుగురు భుజాలు కలిపి గుండ్రంగా నిలబడ్డట్టు
ఐదు ప్రోటీన్లు, నడుమ ఒక బావి.
నరం చివర నుంచి అసిటైల్ కోలిన్ వచ్చి
ఇద్దరి భుజం తడితే
ఐదుగురూ కాస్త ఒరుగుతారు,
ఉప్పు లోపలికి దూకుతుంది.
సెకనులో వెయ్యో వంతు, అంతే.
కన్నార్పడం, మెతుకు మింగడం, మూట ఎత్తడం
అన్నీ ఆ వంతులోనే.

ల్యాబులో, మైనస్ ఇరవైలో, ఒక చిన్న బుడ్డి.
ఒక మిల్లీగ్రాము విషం. దాని పేరులో మా మాట ఉంది:
ఎప్పుడో ఒక తెల్లదొర మన తీరంలో ఎవరినో అడిగి
రాసుకున్న పేరు, బంగారు పాము.
అది ఆ బావి అంచుని పట్టుకుంటే వదలదు.
వదలదు గనుకే బావి ఎక్కడుందో లోకానికి తెలిసింది.
బంగారం కోసమే ఈ దేశం వస్తారంటారు.
నా చేతి గాజులు మత్రా సూక్‌లోవే, అబద్ధమెందుకు.
అయినా లేబులు చదివినప్పుడల్లా అనుకుంటాను,
ఆ పేరు చెప్పినవాడెవడో,
వాడికి అణా అయినా ముట్టిందో లేదో.

మొన్న, ఐసు పెట్టెలు దించుతున్న మనిషి
తల వెనక్కి వాల్చి నన్ను చూశాడు.
పొగరు కాదు. రెప్పలు లేవక
కింది సందులోంచి చూడటం.
పేరు లింబాద్రి. కమ్మర్‌పల్లి దగ్గర ఊరు.
"రాత్రి డ్యూటీ ఎక్కంగ మంచిగనే ఉంటది మేడం,
తెల్లారెటాల్లకు రెప్పలు దిగుతయ్.
బుక్క నములుతుంటే దవడ ఆగిపోతది.
తాగిండనుకుంటున్నరు. పిల్లల మీద ఒట్టు, తాగలే."

పుస్తకంలో నాకు కంఠతా వచ్చిన ఒక పేజీ
నా ఎదుట నిలబడి ఐసు మోస్తోంది.
ఒంటి కాపలావాళ్లే ఒంట్లో బావులు పూడుస్తున్నారు.

నేను మనుషుల డాక్టర్ని కాను.
అయినా అతని పెట్టెలోంచే ఒక ముక్క తీసి
రుమాల్లో చుట్టి కుడి రెప్ప మీద పెట్టాను.
రెండు నిమిషాలు, ఫోన్లో చూస్తూ.
ఖల్ఫాన్ కత్తి ఆపాడు.
నీళ్లు నా గాజుల మీదుగా మోచేతికి జారుతున్నాయి.
చలికి, అసిటైల్ కోలిన్‌ని తుంచే కత్తెర మందగిస్తుంది.
తెగనిది ఇంకాసేపు తిరుగుతుంది,
పూడిపోని బావి ఒక్కటైనా దొరక్కపోతుందా అని.

రుమాలు తీశాను.
కుడి రెప్ప లేచింది. ఎడమది అలాగే.
"అరె" అన్నాడు.
సగం ముఖం నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.
నిమిషం. మళ్లీ దిగింది,
నిద్రలో పిల్లవాడి గుప్పిట వదులైనట్టు.

"మందున్నదా?"
ఉంది. నాలుగు గంటలకోసారి.
"మెడికల్ల తెలిస్తే ఇంటికి పంపుతరా?"
పెట్టె అట్ట చింపి
నరాల డాక్టరు పేరు, నంబరు రాసిచ్చాను.
అడిగింది అది కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ పరధ్యానంలోనే బకెట్లో చెయ్యి పెట్టాను.
మోచేతి దాకా ఉరుము.
ఖల్ఫాన్ పగలబడి నవ్వాడు.
లింబాద్రి నవ్వలేదు, లేక నవ్వు లేవలేదో.
"పెట్టుకోండ్రి" అని
నా తిమ్మిరి చేతిలో ఒక ఐసు ముక్క పెట్టి
తల వెనక్కి వాల్చి
నడిచిపోయాడు, ఇంకా పదిహేను పెట్టెలున్నాయి.