చివరి అచ్చు

చెప్పుల అర మీద నా పేరు బకుర.
వాళ్ళకి వ లేదు, ళ అసలే లేదు.
వకుళని మంచులో విడిచి
ఆకుపచ్చ స్లిప్పర్లలో బకుర లోపలికి నడుస్తుంది,
మడమలు అంగుళం వెనక్కి వేలాడుతూ.

స్టాఫ్ రూంలో కిరసనాయిలు పొయ్యి,
దాని మీద గొణిగే కెటిల్.
పొయ్యికి దగ్గరి కుర్చీ ఇరవై మూడేళ్ళ సర్వీసుది.
నాది తలుపు పక్కన.
ఎవరు బయటికెళ్ళినా 'వెళ్ళొస్తా' అంటారు,
కాగితాల్లోంచి తలెత్తకుండానే అందరూ 'వెళ్ళిరండి' అంటారు.
ఈ ఒక్కదానికీ నాకు నిఘంటువు అక్కర్లేకపోయింది.

నా ఉద్యోగం తోకలు కత్తిరించడం.
మిరుకు, అంటారు పిల్లలు.
మిల్క్, అంటాను.
కొప్పు, అంటారు.
కొప్పులో పూలుండాలి గాని పాలేమిటని
నాలో నేనే నవ్వుకుని
కప్, అంటాను.
హల్లు దగ్గర ఆగిపోవాలర్రా,
కాలవ గట్టున కాలు బిగబట్టినట్టు.
ఆగలేరు. ప్రతి మాట చివరా
ఒక చిన్న ఉ జారి నీళ్ళలో పడుతుంది.
షిమోకావబె గారు వేలు చూపిస్తే చదువుతాను,
చెయ్యెత్తితే ఆగుతాను.
మార్చి దాకా కాంట్రాక్టు.

మంగళవారం కాలే చెత్త, గురువారం ప్లాస్టిక్కు,
గాజు నెలకొక్కసారి.
మొదటి నెల నా సంచీ నాకే తిరిగొచ్చింది,
గుమ్మం ముందు,
పైన ఒకే ఒక్క సీసా మూత.
తప్పంతా ఆ మూతదే.
ఎదురింటి తోమె గారికి ఎనభై ఆరు.
ఏమీ అనలేదు.
సాయంత్రం ఓ క్యాలెండరు పట్టుకొచ్చింది,
మంగళవారాల మీద చేప ముల్లు,
గురువారాల మీద పెరుగు డబ్బా బొమ్మ.
నా ఫ్రిజ్జుకి తనే అంటించి
పోతూ పోతూ గుమ్మంలోని నా బూట్లని
వీధివైపు తిప్పి పెట్టింది.

ఫిబ్రవరి. మోకాలి దాకా మంచు.
కురుమిజావ సగం క్లాసు అయ్యాక వచ్చాడు.
ఏప్రిల్ నుంచీ నా ముందు నోరు విప్పనివాడు,
జుట్టులో మంచు, చెవులు ఎర్రగా,
ఆలస్యానికి కారణం చెప్పాలి కదా,
బసు, అన్నాడు.

కత్తెర తెరిచాను.
పిల్లాడు తన భాషలోనే అడిగాడు:
మీ దేశంలో దాన్ని ఏమంటారు?

బస్సు,
అన్నాను.

ఎలా వచ్చిందో వచ్చేసింది. ఏడాదిగా
ఈ గదిలో గోడ గడియారం కూడా వినని భాష.
బస్సు, అన్నాడు వాడు.
ఒత్తు పోలేదు. అచ్చు పోలేదు.
దిద్దడానికి నాకేమీ మిగల్లేదు.

ఇంకోటి, అన్నారు వెనక బెంచీలో.
రోడ్డు. రోడ్డు!
కప్పు. కప్పు!
లైటు దగ్గర మాత్రం దొరికిపోయారు,
రైటు, రైటు అని ముప్ఫై గొంతులు.
షిమోకావబె గారి పెన్ను గాల్లో ఆగింది.
చెయ్యి మాత్రం ఎత్తలేదు.

నిమిషంన్నర, అంతే.
తర్వాత అరవై నాలుగో పేజీ.
మిల్క్, అన్నాను.
మిరుకు, అన్నారు.

అయిదింటికి ఊరి మైకులన్నీ కలిసి
పిల్లలు ఇళ్ళకి పోవాలని పాట వేశాయి.
నేను బూట్లు తొడుక్కుని రోడ్డెక్కేసరికి
కురుమిజావ అప్పటికే కిటికీ పక్క సీట్లో.
నన్ను చూసి చెయ్యూపలేదు, తల వంచలేదు.
పెదవులు ఒకసారి కలిసి విడిపోయి
చివర గుండ్రంగా ముందుకొచ్చాయి.
అక్కడే
అద్దం మీద ఆవిరి కమ్మింది.

రేపు గురువారం.
పెరుగు డబ్బా కడిగి పెట్టాలి.