పద్నాలుగు వందల పదిహేడో పోగు

ఇరవై ఆరేళ్ళు కేప్‌టౌన్‌లో కళ్ళద్దాలు అరగదీశాను.
చత్వారానికీ, మెల్లకన్నుకీ,
లైసెన్సు పోతుందని భయపడే లారీ డ్రైవర్లకీ.
మనిషికి రెండు అద్దాలు. అంతే నా లెక్క.

ఇప్పుడు ఒకే ఒక్క కంటికి పని.
దాని అద్దం వెడల్పు తొమ్మిది మీటర్లు.
ఉండేది కరూ మిట్టల మీద, గొర్రెల మధ్య,
నీళ్ళ గొట్టాలు పగిలేంత చలిలో.

నోంబుయిసేలో మొదటిరోజే బల్ల మీద బొమ్మ పరిచింది:
ఆరు మూలల పళ్ళెం, దాని నిండా చిల్లులు,
రెండువేల నాలుగు వందలు.
"ఇన్నాళ్ళూ ఒక్కో చుక్కనీ విడిగా కూర్చోబెట్టి అడిగేవాళ్ళం.
ఇక ఆకాశంలో ఓ చెక్కంతా ఒకేసారి నోరు విప్పాలి.
చుక్కకో పోగు, ఇగ్షాన్ అంకుల్.
పోగు పోగూ మీ చేతిమీదుగానే స్పెక్ట్రోగ్రాఫ్‌లోకి వెళ్ళాలి."

గాజు పోగు వెంట్రుకవాసి.
మాటవరసకి కాదు, కొలిచి చెబుతున్నాను:
మా మనవరాలి జుట్టు కంటే కాస్త లావు,
నా మీసం కంటే కాస్త సన్నం.
కొనకి ఎపాక్సీ. ఓ రాత్రి ఆరాలి.
తర్వాత అరగదీత. గరుకు కాగితం, నున్నటి కాగితం,
చివరికి వేలికి ఏమీ తెలియని కాగితం,
తడిపి, దాని మీద ఎనిమిది అంకె దిద్దుతూ, దిద్దుతూ.
రోజుకి ముప్ఫై. రంజాన్ నెలలో ముప్ఫై నాలుగు.
ఖాళీ కడుపుతో చెయ్యి వణకదంటే ఎవరూ నమ్మరు.

గోడ మీద ఆమె అతికించిన పట్టిక:
అద్దంలో ఇంత పోతుంది, కటకంలో ఇంత, మలుపులో ఇంత.
పోయేది వెలుతురు.
నా వాటాకి నూటికి అర, అంతకు మించకూడదు.
ఆరువందల కోట్ల ఏళ్ళు నడిచి వచ్చింది కదా,
దారిలో ఎవడూ ఆపలేదు కదా,
చివరి గజంలో నేను ఆపితే?

1417ని డిసెంబరులో బిగించాను.
చుట్టలు పెట్టెలోకి దించుతుంటే చిటుక్కుమంది.
పంచదార పలుకు పంటి కింద నలిగినంత.
టార్చి వేసి చూశాను: ఈ కొన వెలుగు, ఆ కొన చీకటి.
చెప్పే ముందు ఓ కప్పు టీ తాగాను.

ఆమె పళ్ళెం వైపు చాలాసేపు చూసింది.
విప్పితే చుట్టూ ఉన్న నలభైకి ముప్పు.
"ఉండనీ. మిగతావి చాలు," అంది.
చాలు అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

లారీ నడకకంటే కాస్త వేగంగా వెళ్ళింది.
ఓ మలుపులో గొర్రెలు రోడ్డుకి అడ్డంగా పడుకున్నాయి.
హారన్ వద్దని నేనే అన్నాను, అదిరేదేమీ లేకపోయినా.

మొదటి రాత్రి.
గదినిండా కోట్లు తొడుక్కున్న మనుషులు.
తెర మీద గీతలు, ఒకదాని కింద ఒకటి,
ఒక్కో గీతా చీలి పరుచుకున్న ఒక్కో చుక్క.
రంగులుండవట. తెలుపూ నలుపే. నాకెవరూ ముందు చెప్పలేదు.
ఇది ఇనుము, అది హైడ్రోజన్ అని ఎవరో అరుస్తున్నారు.
నేను పైనుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి
నాదాన్ని పట్టుకున్నాను:
దువ్వెనలో విరిగిన పన్ను.

అప్పుడే కనబడ్డాయి ఇంకొన్ని, చుక్కలేమీ లేనివి,
బూడిద పూసినట్టు.
"ఇవీ పోయాయా?"
"లేదంకుల్. వాటిని కావాలనే ఖాళీ మీద గురిపెట్టాం.
ఏమీ లేనిచోట కూడా ఎంతో కొంత వెలుగుంటుంది.
అదెంతో తెలిస్తేనే
మిగతావాటిలోంచి తీసెయ్యగలం."

ఇరవై ఆరేళ్ళు అద్దం తొడిగి
"ఏం కనిపిస్తోంది?" అని అడిగాను.
ఏమీ లేదన్న వాళ్ళని ఒక్కసారీ నమ్మలేదు.

బయట చలికి ముక్కు కారుతోంది.
నెత్తిమీద గుమ్మటం మూలుగుతూ తిరుగుతోంది.
పొద్దున్నే స్పేరు పోగుల పెట్టె విప్పాలి,
కళ్ళజోడు ఎక్కడ పెట్టానో.