ఇరవై ఒకటో గది

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లో
కాటా పక్కన స్టూలు, స్టూలు మీద నా కంప్యూటరు,
దాని తోక చివర అరచేయంత ప్రింటరు.
లారీకి ఎత్తేలోపల చీటీలు రావాల.

మొదటి చీటీ డేగపూడి చెంగమ్మది.
పద్నాలుగు బస్తాలు. తూకం సరే, ధర సరే.
అంకెలకేం ఇబ్బంది లేదు,
అంకెలకు ఎక్కడికి పోయినా ఇబ్బంది ఉండదు.
పేరుండాల్సిన చోట మాత్రం

???????

"ఏందిమే ఇది?
నన్నేమన్నా అడగతా ఉండాదా నీ మిషను?"

ఎట్టా చెప్పేది.
తీగలోంచి అక్షరం పోదు చెంగమ్మా,
సున్నాకీ రెండొందల యాభై ఐదుకీ నడుమ
ఏదో ఒక అంకె అయితేనే పోతుంది.
తీగ మొదట్లో కాపలా ఉన్న నా ప్రోగ్రాము
నీ పేరులో ఒక్కో ముక్కనే ఎగాదిగా చూసి
ఈ మొహం నా జాబితాలో లేదనుకుంది.
లేని ప్రతి మొహానికీ ఒక అరవైమూడు వేసింది.
అరవైమూడంటే ప్రశ్నార్థకం.
ఏ జాబితా చూడాలో చెప్పకపోతే
అది ఇంగ్లీషే అనుకుంటుంది.
చెప్పనిది నేను.

చెప్పాను.
ఈసారి ఇరవై ఒక్క గుర్తులు రాలాయి.
నెత్తిన ఏటవాలు గీత పెట్టుకున్న ఇంగ్లీషు ఏ, ఏడుసార్లు.
దాని పక్కన జ్వరం చీటీ మీది డిగ్రీ సున్న,
రెండుచోట్ల మాత్రం కూడికా తీసివేతా ఒకదాని మీద ఒకటి.
గుమస్తా జిలానీ కళ్లద్దాలు పైకి తోసి
"ఈమెవరో ఫ్రెంచోళ్ల ఆయమ్మలే" అన్నాడు.
పంపింది సరిగ్గానే పంపాను.
ప్రింటరు వేరే పుస్తకం తెరిచి చదివింది.

మన అక్షరాలన్నీ ఒకే వీధిలో కాపురం.
వీధి పేరు రెండొందల ఇరవై నాలుగు,
సందు నూటడెబ్భై ఆరో, డెబ్భై ఏడో,
ఆఖరి అంకె దగ్గరే ఎవరి గుమ్మం వాళ్లది.
చ నూటయాభై నాలుగు.
గ నూటయాభై ఒకటి.
మ నూటడెబ్భై నాలుగు, ఆమెకు రెండుసార్లు.
ఆ రెండు మ-లనూ కలిపి పట్టుకున్న పొల్లు
వత్తులో దాక్కోని కంటికి కనపడదు,
అయినా తన మూడు గదుల అద్దె తను కడుతుంది.

మూడోసారి తెలుగే వచ్చింది.
"చెంగమ్" దాకా వచ్చి,
తర్వాత నల్లటి పలకలో ఒక తెల్ల ప్రశ్న.
నాకంటే ముందు ఈ పని చేసినవాడెవడో
ఏ పేరుకైనా ఇరవై గదులు చాలనుకున్నాడు.
ఆమెకు ఇరవై ఒకటి కావాల.
చివరి మ రెండు కాళ్లు లోపల పెట్టి
మూడోది గడప బయట ఉండగా తలుపేశారు.
రాత్రిబడిలో నేర్చిన చదువుతో
ఆమె కూడబలుక్కోని చదివింది.
"వక్క నోట్లో పెట్టుకోని పిలిచినట్టుండాదే!"

జిలానీ నవ్వలేదు. బస్తా వైపు చెయ్యి చూపించాడు.
ముప్పై ఏళ్లుగా ఆయన లెక్కలో చెంగమ్మంటే
ఎర్రరంగుతో ఒక సున్న, సున్నలో అడ్డగీత.
వాన తడిసినా విరగలేదు,
మద్రాసు లారీలో కింద పడినా ప్రశ్న కాలేదు.
"అయితే ఒకటి," అన్నాడు ఆయనే,
"అది చెంగమ్మ అని
నాకు తెలుసు, ఆయమ్మకు తెలుసు.
నేను రాకుంటే అది వట్టి సున్న."

గదులు మూడొందలు చేశాను.

నాలుగోసారి కర్రుమని వచ్చింది కాగితం,
గోరువెచ్చగా.
ఇంకు లేదు ఆ ప్రింటరులో, వేడే.
చిన్నప్పుడు నిమ్మరసంలో పుల్ల ముంచి రాసి
దీపం మీద కాపితే
గోధుమరంగులో పేరు పైకి తేలేది గదా,
అట్టా తేలింది
చెంగమ్మ,
రెండు మ-లూ, పొల్లూ, మొత్తం ఇరవై ఒకటీ.

ఆమె చీటీ చూసింది, బస్తా మీద సున్న చూసింది,
మళ్లీ చీటీ.
వక్కాకు సంచిలో మడిచి పెట్టుకుంటుంటే
అబద్ధం చెప్పబుద్ధి కాక చెప్పాను.
ఎండ తగిలితే నెలకల్లా తెల్లబడిపోతుందమ్మా.

"ఆలోపల దుడ్లు చేతికొస్తే చాల్లేమే.
పేరుకేం, ఇంటికాడ ఇంకోటుండాది."