తొమ్మిదో గడి

బీచ్ స్టేషన్ ఎదురుగా, సెకండ్ లైన్‌లో,
నూకరత్నం పెద్దమ్మ బండి మీద నూనె కాగే వేళకి
నేను ఫోన్‌లో ఆవిడ లైసెన్సు కాగితం నింపుతున్నాను.
పేరు. తండ్రి పేరు. ఆధార్.
ఎనిమిది గడులు గడగడా దాటేశాం.
తొమ్మిదోది అడిగింది: ఏ రకం వంట?
నొక్కితే జారిన జాబితాలో
సౌతిండియన్, నార్తిండియన్, చైనీస్, కాంటినెంటల్,
అన్నిటి కిందా, గుమ్మం బయట చెప్పుల్లా, ఇతరాలు.

"ఏటడుగుతున్నాడే ఆడు?"
"నీ అతో ఏ దేశానిదో చెప్పమంటున్నాడు."
నవ్వలేదు.
ఉల్లిపాయ ఎర్రగా వేగేదాకా
ఎవరికీ జవాబివ్వదు ఆవిడ.

గిన్నెలో నారింజరంగు నూడుల్స్ పడ్డాయి.
పిండిని దారంగా సాగదీయడం
చీనావాళ్ళ దగ్గర నేర్చిందట రంగూన్.
పైన సన్నగా తరిగిన క్యాబేజీ,
దొరల తోటల్లోంచి ఊటీ కొండ దిగి
మన పెళ్ళి భోజనాల్లో కూర్చున్నది.
వేయించిన శనగపిండి మాది. మాదే అనుకుంటాను.
చింతపులుసా,
అరబ్బులు దాన్ని హిందూదేశపు ఖర్జూరమన్నారు,
చెట్టునడిగితే ఆఫ్రికా వైపు కొమ్మ చాపుతుందట.
ఇక ఎండుమిరప.
ఓడ దిగిన కొత్త ఘాటుకి
మిరియం పేరులోంచి ఓ ముక్క తుంచి పెట్టి
ఇంటి పిల్లలా పిలుచుకున్నారు మనవాళ్ళు.
అది రాకముందు ఆవకాయ ఎలా ఉండేదని
అడిగి చూశాను ఒకసారి,
మా అమ్మ గరిటె ఎత్తింది.

సౌతిండియన్ నొక్కనా?
మసాలా దోసె కడుపులో దుంపకి
బంగాళం అని ఊరి పేరు తప్పు రాశారు,
ఇన్నేళ్ళలో ఎవరూ దిద్దమనలేదు.

పెద్దమ్మ ముత్తాత కోరంగి రేవులో ఓడెక్కాడు.
రంగూన్‌లో బస్తాలు మోసేవాళ్ళందర్నీ
ఆ రేవు పేరే పెట్టి పిలిచేవారట, కొరింగీ అని.
అరవై నాలుగులో తిప్పి పంపేటప్పుడు
పదేళ్ళ పిల్ల చెవిపోగులు కూడా విప్పించుకున్నారు.
మద్రాసులో దిగితే
వ్యాసర్పాడి కుళాయి దగ్గర కొత్త పేరు: బర్మా.
తాళ్ళరేవు చుట్టాలు ఒకసారొచ్చి, తిని,
"ఇదేటి, మన తిండి కాదు కదా"
అని చేతులు కడుక్కున్నారు. రెండుసార్లు వడ్డించుకున్నాకే.

పోయినేడు హార్బర్‌లో ఆగిన ఓడ నుంచి
రంగూన్ కుర్రాడొకడు వచ్చాడు, గడ్డం మీద మచ్చ.
పెద్దమ్మ చెయ్యి వణకడం అప్పుడే చూశాను.
రెండు ముద్దలు తిన్నాడు.
వచ్చీరాని ఇంగ్లీషులో, "ఇది మాది కాదు, బామ్మా.
పులుపెక్కువ. కారం మరీనూ. రొయ్యపొడి ఏది?"
మిగిలి ఉన్న బర్మా మాటల్లోంచి
వెతికి వెతికి ఒక తిట్టు తీసింది ఆవిడ.
వాడు పడీ పడీ నవ్వాడు.
ఇంకో ప్లేటు తిని, పోతూ పోతూ నాకు చెప్పాడు:
అతో అంటే ఊరి పేరు కాదు, దినుసు పేరూ కాదు,
చేత్తో కలిపింది అని.
"ఆ మాత్రం నాకు తెల్దేట్రా!" అంది పెద్దమ్మ,
తెలుగులోనే, వాడి వీపు వైపు.

చార్జింగ్ ఆరు శాతం.
"ఏదో ఒకటి నొక్కెయ్యవే, గిరాకీ ఉంది!"
ఇతరాలు మీదికే పోయింది నా వేలు,
రైలు కూతకి ఉలిక్కిపడ్డానో, తెర మీద చారు చుక్క పడిందో,
జాబితా జారి
చైనీస్ దగ్గర ఆగింది.
ఫోను ఆరిపోయేలోగా పంపేశాను.

మూడు వారాలకి కాగితం వచ్చింది.
ప్లాస్టిక్ కవర్లో పెట్టి బండికి కట్టి
పసుపు రాసి బొట్లు పెట్టింది.
చదవడం రాదు, చదివి వినిపించమంది.
పేరు చదివాను. తండ్రి పేరు చదివాను,
అప్పుడు మాత్రం కొంగుతో చెయ్యి తుడుచుకుంది.
తొమ్మిదో గడి మీద సరిగ్గా బొట్టు పడింది,
కనబడ్డం లేదన్నాను.

సరేలే, అని
అరటిదూట సూపు నా వైపు తోసింది.
ఇవాళెందుకో ఉప్పు తక్కువైంది.